ఎడమ పక్కకి తిరిగి

కొండల మీది గనుల ఊరు చుకిమార్కా. అక్కడి మెడికల్ కాలేజీలో పాఠం చెప్పడానికి ఎంత గొప్ప డాక్టరు వచ్చినా, ముందు స్ట్రెచర్ మీద పడుకోవాలి. పడుకుంటే మొదటి సంవత్సరం పిల్లలు వచ్చి పరీక్ష చేస్తారు. స్టెతస్కోపు ఉండదు. చేత్తో తడమాలి, చెవి ఆనించి వినాలి. ఇంకా ఎముకల పేర్లే నోటికి సరిగ్గా రాని పిల్లలు వాళ్ళు. పడుకున్న పెద్దమనిషి మాత్రం తను డాక్టరునన్న సంగతి మరిచిపోవాలి. అడిగినదానికి రోగిలా జవాబు చెప్పాలే తప్ప, ఇలా కాదు అలా అని నోటితో నేర్పకూడదు. పిల్లలు తమకు దొరికిందేమిటో ముందు ఆయన చెవిలోనే చెబుతారు. ఆయన సరేనంటే హాలంతటికీ వినబడేలా చెబుతారు. అంతా అయ్యాక పిల్లలకు మనసైతే స్ట్రెచర్‌ను భుజాలకెత్తుకుని గుమ్మం దాకా మోసుకుపోతారు. అక్కడ దిగినవాడు టీచరు. మనసు కాకపోతే ఎవరూ ఎత్తరు. లేచి, బూట్లు తొడుక్కుని, తన దారిన తను నడిచి వెళ్ళిపోవాలి.

ఇదెక్కడి చోద్యమని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ స్ట్రెచర్ మీద పడుకుని లేచినవాళ్ళు మాత్రం నవ్వగా నేను చూడలేదు.

ఆ ఏడు పాఠం చెప్పడానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు. కొచబాంబా నుంచి వచ్చిన సర్జన్ అంతెసానా ఒకరు. శాంతాక్రూజ్ నుంచి వచ్చిన గుండె డాక్టరు దెల్మీరా ఎగ్వెస్ ఇంకొకరు. దెల్మీరాకు నలభై దాటాయి. స్ట్రెచర్ ఎక్కాల్సిన రోజు పొద్దున్న ఆమె, డీన్ దోన్యా సతుర్నీనా కలిసి బజారు వీధి ఎత్తు ఎక్కి కాలేజీకి వస్తున్నారు. అందరూ మర్యాదగా దోన్యా అని పిలిచే ఆ అరవై దాటిన సతుర్నీనా తన మడతల గాగరా ఊపుకుంటూ మేకపిల్లలా ఎక్కేస్తోంది. దెల్మీరా మూడిళ్ళకోసారి ఆగుతోంది.

"ఆగు, ఆగు, తొందరేం లేదు" అంది డీన్. "కింద దేశం పిల్లవి. మీ శాంతాక్రూజ్ గాలి గంజిలా చిక్కగా ఉంటుంది, గ్లాసులో పోసుకుని తాగొచ్చు. ఇక్కడ గాలిని వెతుక్కుని పీల్చాలి."

"అలవాటవుతుంది దోన్యా. వచ్చి వారమేగా."

"అవుతుందిలే. ఆయాసానికి కోకా ఆకు నమలమంటే మొహం అలా పెడతావు. కొండ ఎక్కాలి, ఆకు నమలకూడదు. మీ కింద దేశం కాంబాలంతా ఇంతే."

"మీ కొండ కోయాలు మాత్రం మా ఊరొచ్చి ఎండకి వడియాల్లా ఎండిపోరూ?"

డీన్ పకపకా నవ్వింది. దెల్మీరా కూడా నవ్వింది, నవ్వే ఊపిరి లేకపోయినా. నేరమంతా కొండ ఎత్తు మీదికి పోతున్నందుకు లోలోపల సంతోషించింది.

ఆమె ఆయాసం కొండది కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి, పోతూ పోతూ గుండెలో ఒక వాల్వును ఇరుకు చేసి పోయింది. తల్లికీ అదే జబ్బు. ఆ తల్లి ఊరందరి బట్టలూ ఉతికేది. ఆయాసమని వెళితే డాక్టర్లు జాకెట్టు మీంచే స్టెతస్కోపు ఇలా ఆనించి అలా తీసి, రక్తం తక్కువ, బాగా తినమని పంపేవాళ్ళు. చివరికి పల్లె సర్వీసుకని వచ్చిన ఒక కుర్ర డాక్టరు, ఈ కొండల వాడే, ఆమెను పడుకోబెట్టి, పక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని విన్నాడు. విని, గుండెలో ఉన్నదేమిటో చెప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయింది. అలా వినడం ఎక్కడ నేర్చుకున్నావని పద్నాలుగేళ్ళ దెల్మీరా అడిగితే, అతను చుకిమార్కా అన్నాడు.

ఆ పేరు ఆమె మనసులో అలా ఉండిపోయింది. కింద ఊళ్ళో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పింది. ఫోన్లు చూసుకునే పిల్లలకి చెప్పింది. చుకిమార్కాలో ఖాళీ ఉందని తెలిసినప్పుడు ముందూ వెనకా చూడలేదు. ఇంత ఎత్తున పని చెయ్యాలంటే గుండె బాగుండాలన్నది నియమం. స్నేహితుడైన ఒక డాక్టరు మొహమాటానికి పోయి బాగుందని రాసిచ్చాడు. వాల్వును బాగు చేయించుకోవచ్చు, ఇప్పుడు పెద్ద కోత కూడా అక్కర్లేదు. తొడ దగ్గర్నుంచి తీగ పంపి తెరుస్తారు. అదీ ఆమెకు తెలుసు, ఎందరికో చేయించింది. తన దాకా వచ్చేసరికి మాత్రం తల్లి పడుకున్న బల్ల కళ్ళముందుకు వచ్చేది. ఈ సెలవులయ్యాక, వచ్చే సెలవులయ్యాక అంటూ ఏళ్ళు దొర్లించింది. ఈ జబ్బు బయటపడిందా, ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు చుకిమార్కా పోతుంది.

స్ట్రెచర్ సంగతి తెలిశాక మొదట గాభరా పడింది గానీ, తర్వాత లెక్క వేసుకుని కుదుటపడింది. ఆ వాల్వు చప్పుడు గడుసుది. వెల్లకిలా పడుకుంటే ఎక్కడో అడుగున దాక్కుంటుంది. ఎడమ పక్కకి తిరిగి, ఊపిరంతా వదిలేస్తేనే పైకి తేలుతుంది. పెద్ద పెద్ద డాక్టర్లు స్టెతస్కోపులు పెట్టుకుని తన తల్లి దగ్గర వినలేకపోయారు. నిన్నగాక మొన్న చేరిన పిల్లలు, ఒట్టి చెవులతో ఏం వింటారు? కదలకుండా వెల్లకిలా పడుకుంటే చాలు.

హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో గని వాళ్ళ ఆడవాళ్ళు, గుండ్రటి టోపీలు పెట్టుకుని, రెండు జడలూ వీపున ముడేసుకుని కూర్చున్నారు. మధ్యలో స్ట్రెచర్. నల్లబడిపోయిన చెక్క, చేతులు పట్టుకునే చోట అరిగి నున్నగా ఉంది. దాని మీద ఎర్రటి చారల దుప్పటి పరిచారు.

దోన్యా సతుర్నీనా ముందుకొచ్చి, చిన్న గిన్నెలోంచి నాలుగు చుక్కల సారా నేలతల్లికి వదిలి, మిగతాది తను తాగింది.

"ఇది గనిలోది" అంది స్ట్రెచర్ మీద చెయ్యి వేసి. "దీని మీద మా నాన్నని పైకి తెచ్చారు. ఈ ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ మనుషుల్నీ తెచ్చారు. కంపెనీ డాక్టరు గుమ్మంలో నిలబడి, జేబులోంచి చెయ్యి తియ్యకుండా, వీడికేం లేదు, రేపు పనికి పొమ్మను అనేవాడు. కాలేజీ పెడతామన్నప్పుడు మా వాళ్ళు ఒకటే అడిగారు. మా పిల్లలు ముట్టుకోని డాక్టరు మా పిల్లలకి పాఠం చెప్పకూడదు అని. అంతే. రండి, ఎవరు ముందు?"

అంతెసానా ముందుకొచ్చాడు. బొద్దుగా, మీసం దువ్వుకుని, పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఒక కుర్రాడు ఆయన పొట్ట మీద చెయ్యి వేసి కాసేపు ఆలోచించాడు.

"ఊపిరి వదలండయ్యా."

"వదిలాను కదా."

"లేదయ్యా. పొట్ట బిగబట్టారు."

ముందు వరుసలో ఒక ముసలామె అందుకుంది. "వదిలెయ్యి నాయనా, సిగ్గెందుకు. మా ఆయనా ఫోటో తీసేటప్పుడు అంతే."

హాలంతా గొల్లుమంది. అంతెసానా వదిలేశాడు. పొట్ట పొంగిన పిండిలా పైకి లేచింది. కుర్రాడు దగ్గమన్నాడు, బొడ్డు దగ్గర వేలు పెట్టి చూశాడు, వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మొహం కందగడ్డలా అయింది గానీ, "చెప్పరా, చెప్పు" అన్నాడు.

"బొడ్డు దగ్గర గోడ పల్చబడింది. పేగు బయటికి తొంగి చూస్తోంది."

"ఇంతమందికి కుట్టావు, నీది కుట్టేవాడు దొరకలేదటయ్యా?" అంది డీన్.

పిల్లలు ఆయన్ని భుజాలకెత్తారు. "కొచబాంబా వంటలన్నీ మా భుజాల మీదే ఉన్నాయి" అని ఎవడో మూలిగాడు. గుమ్మం దగ్గర దించేసరికి, ఇంతసేపూ నవ్వుతున్న మనిషి జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంటున్నాడు. దెల్మీరాకు అది వింతగా అనిపించింది.

తర్వాత ఆమె వంతు. పరీక్ష చెయ్యడానికి వచ్చిన అమ్మాయి పేరు బెనీతా తికోనా. ల్యామాలు కాసుకునేవాళ్ళ పిల్ల. బుగ్గలు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయి. స్ట్రెచర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతుల్లోకి ఊపిరి ఊదుకుంటూ రుద్దుకుంది.

"చేతులు చల్లగా ఉన్నాయమ్మా. కాస్త ఆగండి."

స్ట్రెచర్ మీద ఉన్నంతసేపూ డాక్టరమ్మ ఉండదు. ఒట్టి అమ్మే. ఆ పిలుపు దెల్మీరాకు బాగుంది.

"ఎక్కడన్నా నొప్పా అమ్మా?"

"లేదు."

"ఎత్తు ఎక్కితే ఆయాసం వస్తుందా?"

"కొత్త కదా. వస్తుంది."

"మీ ఊళ్ళో వచ్చేదా?"

"రాదు."

"రాత్రిళ్ళు పడుకుంటారా, కూర్చుంటారా? మా నాయనమ్మ కూర్చునే నిద్రపోతుంది, అందుకని అడుగుతున్నా."

వీపు వెనక దిండ్లు గోడలా పేర్చుకోనిదే దెల్మీరాకు నిద్ర రాదు. "పడుకునే" అంది.

బెనీతా జడలు వెనక్కి వేసుకుని, పల్చటి నూలు గుడ్డ ఒకటి పరిచి, చెవి ఆనించింది.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో అక్కడుంటే తప్ప తెలియదు. ముందు వరుసలో ఆకు నమిలే దవడలు ఆగిపోయాయి. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి పిల్ల నోట్లో రొమ్ము పెట్టి ఊరుకోబెట్టింది. ఒక్క పిల్ల చెవికి దారి ఇవ్వడం కోసం అంతమంది కదలడం మానేశారు. ఆఖరికి బెనీతా కూడా ఊపిరి బిగబట్టిందని దెల్మీరాకు తెలిసింది, తన రొమ్ము మీద తగులుతున్న వెచ్చటి గాలి ఆగిపోయింది కాబట్టి.

ఎంతసేపు విందో. దెల్మీరా పైకప్పు దూలాల్ని చూస్తూ పడుకుంది. తన గుండెను ఇంతసేపు ఎవరూ వినలేదు. ఇన్నేళ్ళ వృత్తిలో తను కూడా ఎవరి గుండెనూ ఇంతసేపు వినలేదేమో. అంతెసానా ఎందుకు కళ్ళు ఒత్తుకున్నాడో అప్పుడు అర్థమైంది. అమ్మ పక్కన ఆ కుర్ర డాక్టరు కళ్ళు మూసుకుని వంగిన రోజు, తను గుమ్మం పట్టుకుని నిలబడి ఇదే నిశ్శబ్దాన్ని చూసింది. ఈ చెవులు తయారయ్యే చోటికి వచ్చి, ఇప్పుడు ఆ చెవికి దొరక్కుండా దాక్కుంటోంది.

బెనీతా తలెత్తింది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ చెవి పెట్టింది, రెండు వేళ్ళ కిందకి జరిపి. సరిగ్గా అక్కడే పెట్టాలి. ఎవరు నేర్పారో ఈ పిల్లకి. మళ్ళీ తలెత్తింది.

"ఏముంది బెనీతా?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఏదో ఉన్నట్టుంది." ఆమె గొంతు సన్నగిల్లింది. "లేనట్టూ ఉంది."

వెనక బల్లల్లో చిన్న నవ్వు. ఒక లెక్చరరు గొంతు సవరించుకున్నాడు. బెనీతా మొహం వాడిపోయింది. ఎదుట పడుకున్నది గుండెల సంగతి తెలిసిన పెద్ద డాక్టరు. ఆమె ఏమీ లేదంటోంది. అయితే తప్పు తన చెవిదే. ఆ ఆలోచన ఆ పిల్ల కళ్ళలోకి దిగడం దెల్మీరా చూసింది, దీపం వత్తి తగ్గించినట్టు.

"బాగానే ఉందమ్మా" అంది బెనీతా మెల్లిగా. "నాకే... నాకే సరిగ్గా వినపడలేదనుకుంటా." చెప్పడానికి హాలు వైపు తిరగబోయింది.

గండం గడిచింది. ఇంకొక్క మాట, స్ట్రెచర్ లేస్తుంది. గుమ్మం, ఉద్యోగం, చుకిమార్కా, అన్నీ తనవే.

కానీ ఆ పిల్ల విన్నది. చదువింకా మొదట్లోనే ఉండగా, ఒట్టి చెవితో, పెద్ద డాక్టర్లకు దొరకనిదాన్ని సగం పట్టుకుంది. ఇప్పుడిలా వదిలేస్తే, రేపు ఏదో పల్లెలో ఒక చాకలామె రొమ్ము మీద ఇదే చెవి ఆనించినప్పుడు, ఉన్నట్టున్నది వినబడినప్పుడు, నా చెవిది తప్పు అనుకుని లేచిపోతుంది. రక్తం తక్కువ, బాగా తినమంటుంది. ఉద్యోగం కోసం అబద్ధమాడటం ఒక ఎత్తు. సరిగ్గా విన్న చెవిని చెడగొట్టడం ఇంకో ఎత్తు.

నోటితో నేర్పకూడదు, అంతేగా. దెల్మీరా బెనీతా చెయ్యి పట్టుకుని ఆపింది. మెల్లిగా ఎడమ పక్కకి తిరిగింది. చెక్క కిర్రుమంది. లోపలి ఊపిరంతా బయటికి వదిలేసి, మళ్ళీ పీల్చకుండా, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది.

బెనీతా తడబడింది. తర్వాత ఏమనుకుందో, గబుక్కున వంగింది. ముందు అరచెయ్యి పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుని దానివంక ఒకసారి చూసుకుంది. అప్పుడు చెవి పెట్టింది.

ఆ మొహం దెల్మీరా బతికున్నంత కాలం మరిచిపోలేదు. ముడిపడ్డ కనుబొమలు విడిపోయాయి. నోరు కొంచెం తెరుచుకుంది. కళ్ళు ఎటూ చూడటం లేదు, లోపల ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంటే అందులోంచి చూస్తున్నట్టు ఉన్నాయి. భయమూ ఆనందమూ రెండూ ఉన్నాయి. ఒక మనిషి లోపలి రహస్యం మొదటిసారి తనంత తాను చెవిలోకి వచ్చి చెప్పుకుంటుంటే వినే మొహం అది. దెల్మీరా ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పింది గానీ, పాఠం ఒక మనిషిలోకి దిగుతుండగా కంటితో చూడటం అదే మొదలు. తన జబ్బు గుండె, ఇన్నేళ్ళు సిగ్గుపడి దాచుకున్న గుండె, అంత పని చెయ్యగలదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

బెనీతా ఆమె చెవి దగ్గరికి వచ్చింది. "ఉందమ్మా. నిజంగానే ఉంది." ఆగి, "చెప్పమంటారా, వద్దా? వద్దంటే చెప్పను" అంది.

దెల్మీరా గట్టిగా ఊపిరి తీసుకుంది. "చెప్పు. వెనక బల్లల దాకా వినబడేలా చెప్పు."

బెనీతా లేచి నిలబడింది. "ఈ అమ్మ గుండెలో రెండు చప్పుళ్ళు అయ్యాక ఖాళీగా ఉండాల్సిన చోట ఇంకోటి ఉంది. రాళ్ళ లోడు లారీ దూరంగా కొండెక్కుతున్నట్టు గుర్రుమంటోంది. చెయ్యి పెడితే చేతికీ తెలుస్తోంది. వెల్లకిలా ఉంటే దాక్కుంది. పక్కకి తిరిగితే దొరికింది."

దోన్యా సతుర్నీనా వచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ నేలమీద కూర్చుని, టోపీ తీసి పక్కన పెట్టి తన చెవి ఆనించింది. చాలాసేపు వింది.

"నీకు తెలుసా?" అంది లేవకుండానే.

"తెలుసు దోన్యా. చిన్నప్పటినుంచీ."

"పిల్ల అడిగితే లేదన్నావు."

"అన్నాను."

"అనకుండా ఎలా ఉంటావు. నా వంతు వచ్చినప్పుడు నేనూ దీని మీద పడుకుని, గని దుమ్ము మొహమే ఎరగనన్నాను. అన్నాక దగ్గు ఆగలేదు." ముందు వరుస ఆడవాళ్ళు నవ్వారు. డీన్ నవ్వలేదు. "విను పిల్లా. ఈ గుండెతో ఈ ఎత్తున నిన్ను ఉండనివ్వను. బుధవారం బస్సుకి కిందికి దిగు. వాల్వు తెరిపించుకో. ఆ తర్వాత పైకి రావచ్చో లేదో మళ్ళీ విని చెబుతాం. రావచ్చనే మాట ఇప్పుడు ఇవ్వలేను."

"మా అమ్మ ఆ బల్ల మీదే పోయింది దోన్యా."

"నీలాగే దాచుకుందా, మీ అమ్మ?"

"లేదు. ఆవిడ ఎవరి దగ్గరా దాచలేదు. వినేవాళ్ళే లేకపోయారు."

"నీకు ఉన్నారు" అంది డీన్, టోపీ పెట్టుకుంటూ.

దెల్మీరా తల వంచుకుంది. అనుకున్నంతా అయింది. అయినా ఏడుపు రాలేదు, అదే ఆశ్చర్యం. లేచి కూర్చుని, కాళ్ళు కిందికి దించి బూట్ల కోసం వెతికింది. నడిచి వెళ్ళిపోవాలి కదా. బూట్లు కనబడలేదు. తలెత్తి చూస్తే అవి బెనీతా చంకలో ఉన్నాయి.

"పడుకోండి" అంది బెనీతా.

"పరీక్ష అయిపోయింది కదమ్మా."

"ఇంకా వీళ్ళెవరూ వినలేదు. ఎడమ పక్కకి తిరగండి."

వెనక బల్లల్లో నవ్విన పిల్లలు కూడా వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చి మోకరిల్లి, అరచేతులు రుద్దుకుని, చెవి ఆనించారు. ఒక్కొక్క మొహం మారడం దెల్మీరా చూసింది. ఎవరికన్నా దొరక్కపోతే బెనీతా వాళ్ళ తల పట్టుకుని అక్కడికి జరిపేది. ముందు వరుస ముసలామె కూడా వచ్చి విని, "మా ఆయనకీ ఇలాగే ఉండేదేమో, ఎవరికి తెలుసు" అనుకుంటూ వెళ్ళి కూర్చుంది.

అందరూ అయ్యాక చెక్క కిర్రుమంది. దెల్మీరా ఉలిక్కిపడి దుప్పటి అంచు పట్టుకుంది. దూలాలు దగ్గరికి వస్తున్నాయి. ఆమెను ఎత్తారు. హాలు హాలంతా లేచి నిలబడింది, ఆడవాళ్ళు టోపీలు చేతుల్లోకి తీసుకున్నారు. గనిలోంచి మనుషుల్ని మోసిన చెక్క మీద, పిల్లల భుజాల మీద, ఆమె గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆపుకోలేదు.

గుమ్మం దగ్గర దించాక బెనీతా వంగి ఆమె కాళ్ళకు బూట్లు తొడిగింది.

"మీరు తిరిగొచ్చాక మళ్ళీ వింటాను."

"విను" అంది దెల్మీరా. "అప్పుడూ ఆ లారీ వినబడితే, నేను ఏమీ లేదన్నా నమ్మకు. ఇలాగే గట్టిగా చెప్పు."

"చెబుతాను టీచరమ్మా" అంది బెనీతా.